మహారాజశ్రీ ఫిల్టర్ కాఫీ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఇత్తడి ఫిల్టరు పై గిన్నెలో పొడి అదిమి, మరిగిన నీళ్లు పోసి, కింది గిన్నెలోకి డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా ఇంటిల్లిపాదీ నోరు మెదపకుండా కూర్చునే క్రమశిక్షణను మాకు నేర్పినందుకు ముందుగా కృతజ్ఞతలు. దేవుడి దీపం ఆలస్యమైనా ఓర్చుకునే మా ఇంట్లో తమరి రాక ఆలస్యమైతే ఓర్చుకునేవారు ఒక్కరూ లేరు.

తమరి పనితనం అమోఘం. మెదడులో పగలంతా పోగయ్యే అడెనోసిన్ అనే రసాయనం "ఇక చాలు, పడుకో" అని కబురు చెప్పబోతే, ఫిర్యాదులను అటకెక్కించే గుమాస్తాలా తమరి కెఫీన్ గుమ్మానికి అడ్డంగా కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, అలిసిపోయామన్న సంగతే మాకు తెలియదు. సాయంత్రం 5 గంటలకు పుచ్చుకున్న కెఫీన్‌లో దాదాపు సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది కనుక, మేము అర్ధరాత్రి దాకా ఫ్యాను రెక్కలు చూస్తూ, గుండె దడకు పిల్లల చదువులనూ అప్పులనూ తిట్టుకుని, తెల్లారగానే నిద్రలేమికి మందుగా మళ్లీ తమరినే ఆశ్రయిస్తాము.

తలనొప్పి విషయంలో తమరి ప్రతిభ మరీ గొప్పది. అలవాటైన ఒంటికి ఒక పూటో ఒక రోజో తమరు అందకపోతే తల పగిలిపోతుంది, తమరు దిగగానే తగ్గిపోతుంది. తెచ్చినవారే తీర్చినవారై దండలు వేయించుకుంటారు. ఈ బాధను అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో రుగ్మతల పట్టికలోకి ఎక్కించింది గానీ, మా ఇంట్లో దీని పేరు ఇప్పటికీ "ఎండ దెబ్బ". (ఉపవాసంలో కాఫీకి దోషం లేదని తేల్చిన పెద్దల దూరదృష్టికి నమస్కారం.)

తమరిపై లేనిపోని నిందలు వేయబోను. 1991లో మూత్రాశయ క్యాన్సర్ విషయంలో తమరిని అనుమానించిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థే 2016లో ఆ అనుమానాన్ని ఎత్తివేసింది. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాల మీద మాత్రం అన్నవాహిక క్యాన్సర్ అనుమానం ఉంచింది. పొగలు కక్కకపోతే అది కాఫీయే కాదనే మావారికి ఈ సంగతి ఎవరు చెప్పాలి?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో రోజుకు 300 మిల్లీగ్రాముల కెఫీన్ మించవద్దనీ, తమరిలోని టానిన్లనే వగరు పదార్థాలు ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు కనుక భోజనానికి గంట ముందు, గంట తర్వాత తమరిని దూరంగా ఉంచమనీ చెప్పింది. కావున ఇడ్లీ పళ్లెం పక్కనే కాకుండా కాస్త ఎడంగా దయచేయగలరు. సాయంత్రం వచ్చే చుట్టాలను మాత్రం తమరే ఒప్పించాలి. మజ్జిగ ఇస్తే ఈ ఇంట్లో మర్యాద తెలియదని ఊరంతా చెబుతున్నారు.

ఇట్లు,
కొంచెం వణుకుతున్న చేవ్రాలుతో,
తమరి విధేయురాలు