కుక్క నవ్వుతోందని ఎవరు చెప్పారండీ?

"మీ పెంపుడు జంతువు ఫోటో చెప్పే 9 రహస్యాలు" అనే మెసేజ్ ఈ మధ్య నాకు మా పెదనాన్నగారి దగ్గర్నుంచి వచ్చింది. అపార్ట్‌మెంట్ గ్రూపులోంచి వచ్చింది. డిగ్రీలో కలిసి చదువుకున్న స్నేహితురాలి దగ్గర్నుంచి వచ్చింది. అందరిదీ కింద ఒకటే మాట: "నువ్వు కుక్కల ఫోటోలు తీస్తుంటావు కదా, పనికొస్తుందని పంపాను." నేను తీసేది వీధికుక్కపిల్లల ఫోటోలు, చూసి ఎవరైనా పెంచుకోవడానికి తీసుకెళ్తారేమోనని. ఆ కాస్త అనుభవంతోనే చెబుతున్నా, ఈ తొమ్మిదింటిలో పనికొచ్చేది ఒకే ఒక్కటి. అదేదో తర్వాత చెప్తాను.

మొదటి రహస్యం: ఫ్లాష్ వేసి తీస్తే కుక్కలకీ పిల్లులకీ చూపు పోతుంది. పోదండీ. ఫోన్‌కుండే ఆ చిన్న లైటుకే చూపు పోయేటట్టయితే హైవే పక్కన తిరిగే కుక్కలన్నీ లారీల హెడ్‌లైట్లకి ఎప్పుడో గుడ్డివైపోయేవి. చిరాకుపడతాయి, బెదురుతాయి, ముఖం తిప్పేసుకుంటాయి. ఫ్లాష్ మానెయ్యడానికి ఆ కారణం చాలు. ఎలాగూ ఫ్లాష్‌తో తీసిన ఫోటో బాగుండి చావదు.

రెండోది: ఫోటోలో కళ్ళు పచ్చగా మెరిస్తే దృష్టి తగిలిందని అర్థం, గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టాలి. కుక్కకీ పిల్లికీ ఆవుకీ రెటీనా వెనక వెలుతురుని తిప్పికొట్టే పొర ఒకటి ఉంటుంది, దాన్ని టపీటం లూసిడమ్ అంటారు. ఫోటోలో పచ్చగా మెరిసేది అదే. లోపలికి వెళ్ళిన కాంతి దానికి తగిలి వెనక్కొస్తూ రెటీనా మీద ఇంకోసారి పడుతుంది కాబట్టే మసక చీకట్లో వాటికి మనకన్నా బాగా కనిపిస్తుంది. మనకి ఆ పొర లేదు, అందుకే పెళ్ళి ఫోటోల్లో మన కళ్ళు ఎర్రగా పడతాయి. చలిదేశాల కుక్కజాతి హస్కీ ఉంది కదా, నీలికళ్ళ హస్కీల్లో చాలావాటికీ ఆ పొర ఉండదు, వాటి కళ్ళూ ఎరుపే. మరి హస్కీకి దృష్టి తగలదా, లేక తగిలింది రంగు మారిందా? మే నెలలో హైదరాబాదులో హస్కీని పెంచడం గురించి నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి ఇక్కడ వద్దు.

మూడోది నల్లపిల్లి డీపీ పెట్టుకుంటే దరిద్రమట. దీనికి జవాబు దండగ. నల్ల జంతువుల ఫోటో సరిగ్గా రాకపోవడం మాత్రం నిజంగా ఉన్న ఇబ్బందే. నల్ల బొచ్చు చూసి ఫోను చీకటిగా ఉందనుకుంటుంది, వెలుతురు పెంచేస్తుంది. బొచ్చు బూడిదరంగుకి తిరుగుతుంది, వెనక గోడ తెల్లగా వెలిసిపోతుంది. కిటికీ పక్కన కూర్చోబెట్టి, స్క్రీన్ మీద దాని ముఖాన్ని ఒకసారి నొక్కి, వెలుతురు కొంచెం తగ్గించి తీయండి. దరిద్రం వదులుతుంది.

ఏడోది కూడా ఇక్కడే కానిచ్చేస్తాను. పంజరంలో రామచిలుకతోనో, నక్షత్ర తాబేలుతోనో ఫోటో దిగి ఈశాన్యం గోడకి తగిలిస్తే డబ్బే డబ్బు అని. రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వచ్చేవే. ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఆ నేరానికి మీ చేత్తో మీరే ఫోటో సాక్ష్యం తయారుచేసి, ఫ్రేము కట్టించి మరీ గోడకి తగిలిస్తున్నారు. డబ్బు మాట నిజమే లెండి, ఫైన్ రూపంలో.

ఆరోది పిల్లుల గురించి. కెమెరా వైపు చూడని పిల్లికి మీ మీద ప్రేమ లేనట్టేనట. పిల్లుల భాషలో రెప్ప వెయ్యకుండా సూటిగా చూడటమంటే కయ్యానికి కాలు దువ్వడం. మీరు నల్లటి పెద్ద కన్నొకటి దాని ముఖం దగ్గరికి తెచ్చి కదలకుండా పట్టుకుంటే అది తల తిప్పుకోక ఏం చేస్తుంది? 2020లో ఇంగ్లండులోని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు చూసిందేమిటంటే, మనిషి కళ్ళు మెల్లగా సగం మూసి తెరిస్తే పిల్లులూ అలాగే బదులిస్తాయి. అలా చేసిన కొత్త మనిషి చేతి దగ్గరికి రావడానికి కూడా ఎక్కువ ఇష్టపడ్డాయి. మీ పిల్లి అరమోడ్పు కళ్ళతో ఉన్న ఫోటోని "బ్లర్ వచ్చింది, నిద్రమొహం" అని డిలీట్ చేస్తుంటారు చూడండి, బహుశా మీ గ్యాలరీలో ప్రేమంటూ ఉన్న ఫోటో అదే.

నాలుగోదాని దగ్గర నాకు ఒళ్ళు మండటం మొదలైంది. "తప్పు చేసిన కుక్క ముఖం చూడండి. చెవులు వెనక్కి, తల కిందికి, చూపు పక్కకి. నేరం ఒప్పుకున్నట్టే. ఫోటో తీసి నలుగురికీ పంపండి." పంపుతూనే ఉన్నారు. కొరికేసిన చెప్పు ముందు పెట్టి, మెడలో "నేనే దొంగని" అని అట్టముక్క వేలాడదీసి మరీ. న్యూయార్క్ బర్నార్డ్ కాలేజీలో పనిచేసే అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో 14 కుక్కలతో ఇదే పరీక్షించారు. యజమాని ఒక తినుబండారం చూపించి, తినొద్దని చెప్పి గది బయటికి వెళ్తారు. కుక్క తిన్నదో లేదో తిరిగొచ్చాక పరిశోధకులు చెప్పేదాన్నిబట్టే తెలియాలి, అక్కడ కొన్నిసార్లు కావాలనే తప్పు చెప్పారు. తిన్నదని వింటే యజమాని కుక్కని తిట్టేవారు. ఆ "దొంగముఖం" కుక్క తిన్నప్పుడల్లా రాలేదు. తిట్లు పడ్డప్పుడే ఎక్కువగా వచ్చింది. ఇంకా చిత్రం, ఏ పాపమూ ఎరగకుండా తిట్లు తిన్న కుక్కల్లోనే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. మీ ఫోన్లో ఉన్నది మీరంటే దానికున్న భయం. లైకుల కోసం దాన్ని ఊరంతా పంచుకుంటానంటే మీ ఇష్టం.

ఇప్పుడు అయిదోది. మిగతా ఎనిమిదీ రాసినవాడిని క్షమించొచ్చు, దీన్ని రాసినవాడిని కాదు. ఉన్నదున్నట్టు ఇస్తున్నా: "పిల్లలకి మూగజీవాలతో బంధం బలపడాలంటే చిన్నప్పటి నుంచే కుక్క మెడ కౌగిలించుకోబెట్టి, వీపు మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయండి. కుక్క నోరు తెరిచి నవ్వుతుంటే ఏ భయమూ లేదు. గుర్రుమంటే మూతి మీద ఒక్కటి వెయ్యండి, మళ్ళీ అనదు."

కింద ఉదాహరణకి ఒక ఫోటో కూడా జోడించారు. లాబ్రడార్ మెడ చుట్టూ రెండు చేతులూ వేసి రెండేళ్ళ పాప. దాని కింద మూడు ఎర్ర హృదయాలు. ఒకసారి పాపని వదిలేసి కుక్కని చూడండి. నోరు బిగించి ఉంది. నాలుక కొస ముక్కు మీదికి వచ్చింది, ఎదురుగా తిండేమీ లేదు. చెవులు తలకి అంటుకుపోయాయి. తల పాపకి అవతలి వైపు తిరిగి ఉంది, కళ్ళు మాత్రం ఇటే ఉన్నాయి, అందుకని కంటి తెల్లగుడ్డు ఓ పక్కన బయటపడింది. బరువంతా వెనక కాళ్ళ మీద వేసి, ముందు కాలు ఒకటి కొంచెం పైకెత్తింది. కుక్కలతో పనిచేసే ఎవరికైనా ఈ ఫోటో చూపించండి, "ముందు పాపని తియ్యండి" అంటారు. హృదయాలు పెట్టరు.

నోరు తెరిచి ఉంటే నవ్వు అనుకోవడానికీ లేదు. ఎండకి నోరు తెరుస్తుంది, పరిగెత్తొస్తే తెరుస్తుంది, టెన్షన్ పడ్డా తెరుస్తుంది. టెన్షన్ అయితే పెదవుల మూలలు బాగా వెనక్కి లాగేసి ఉంటాయి, ఒళ్ళు బిగుసుకుని ఉంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. సంతోషంగా ఉన్న కుక్క ఒళ్ళంతా వదులుగా ఉంటుంది, తోక ఒక్కటే కాదు నడుం కూడా ఊగుతుంది. అందుకేనేమో, ఆ సంతోషం ఫోటోలో సరిగ్గా పడదు.

పెదనాన్నగారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. మీ మెడ పట్టుకుని ఒకరు వేలాడుతూ, ఎదురుగా ఇంకొకరు పళ్ళెం మోగిస్తూ "ఇటు చూడు, ఇటు ఇటు" అని అరుస్తుంటే మీరు ఎంతసేపు ఓర్చుకుంటారు? మీ ఓర్పు సంగతి ఇంట్లో మా అందరికీ తెలుసు. కుక్క ఎక్కువే ఓర్చుకుంటుంది. ముఖం తిప్పుకుంటుంది, లేచి వెళ్ళబోతుంది, ఆపేస్తాం. మూతి నాక్కుంటుంది, "అబ్బ, ఎంత ముద్దొస్తోందో" అంటాం. అన్నీ అయ్యాక ఆఖరున గుర్రుమంటుంది. అంటే కరవకుండా ఉండటానికి తన దగ్గరున్న ఆఖరి ఉపాయం వాడుతోందన్నమాట. దానికి మూతి మీద ఒక్కటి వేస్తే నిజంగానే మళ్ళీ అనదు, మెసేజ్ రాసినాయన ఆ మాట కరెక్టుగానే చెప్పాడు. ఈసారి గుర్రుమనకుండా కరుస్తుంది. అప్పుడు మనమే "ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి కరిచిందండీ" అని ఆసుపత్రిలో చెబుతాం. చిన్నపిల్లల తల సరిగ్గా కుక్క నోటి ఎత్తులో ఉంటుంది, కాటు కాలి మీద పడదు. బుగ్గ మీద, పెదవి మీద, మెడ మీద పడుతుంది.

అలాంటిది జరిగితే, ఈ మెసేజ్ తయారుచేసిన పెద్దమనిషి పదో రహస్యంగా కారమో సున్నమో పుయ్యమంటాడేమో, ముందే చెబుతున్నా. కారే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మన ఇంటి కుక్కే కదా, టీకాలు వేయించాం కదా అని ఆగొద్దు, ఆ సంగతి డాక్టరు తేల్చాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక చేసేదేమీ ఉండదు.

పాప, కుక్క కలిసున్న ఫోటో కావాలా? తీసుకోండి, నేనూ తీస్తాను. ఇద్దరినీ నేల మీద పక్కపక్కన ఉండనివ్వండి, పెద్దవాళ్ళు ఒకరు చెయ్యి అందేంత దూరంలో ఉండాలి, కుక్క లేచి వెళ్ళిపోవడానికి దారి ఉండాలి. పాప చేత దాని ఛాతీ మీద రెండు క్షణాలు నిమిరించి చెయ్యి తీయించండి. ఇంకా కావాలనుకుంటే కుక్కే దగ్గరికి జరుగుతుంది. జరగలేదంటే ఆ రోజుకి ఫోటో లేదు, అంతే. కొంపలేం మునగవు.

ఇక పనికొచ్చేది ఒకటుందన్నాను కదా, అది ఎనిమిదోది. "కెమెరా జంతువు ప్రాణశక్తిని లాగేస్తుంది కనుక రోజుకి ఒక్క ఫోటోకి మించొద్దు, మిగతా సమయం దాని కళ్ళలోకి చూడండి" అని రాశారు. ప్రాణశక్తి మాట గంగలో కలవనీయండి. సలహా మాత్రం బంగారం. జపాన్‌లో అజాబు యూనివర్సిటీ వాళ్ళు 2015లో ప్రచురించిన పరిశోధనలో, పెంచినవాళ్ళూ కుక్కలూ ఒకరి కళ్ళలోకి ఒకరు ఎక్కువసేపు చూసుకున్న జంటల్లో ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ పెరిగింది. తల్లీబిడ్డల బంధంలో పనిచేసే హార్మోనే అది. మనుషుల చేతుల్లో పెరిగిన తోడేళ్ళలో అలా జరగలేదు. 2017లో ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ యూనివర్సిటీ వాళ్ళు ఇంకో సంగతి గమనించారు. మనిషి తన వైపు తిరిగి ఉన్నప్పుడు కుక్క ముఖంలో కదలికలు ఎక్కువ, వీపు తిప్పితే తక్కువ. తిండి చూపించినా ఆ తేడా రాలేదు. "అదంతా బిస్కెట్ల కోసం వేషాలు" అనే మా బావగారు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

కాబట్టి ఆ మెసేజ్ రాసినవాడితో ఈ ఒక్క విషయంలో నేను చేతులు కలుపుతున్నాను. మనం ఫోన్ ఎత్తగానే ముఖం దాని వెనక్కి వెళ్ళిపోతుంది. ఫోన్‌ని గుండెల దగ్గర పట్టుకుని, ముఖం దానికి కనపడనిచ్చి, అంచనాగా నొక్కేస్తే చెవి తెగిపోయిన ఫోటోలు నాలుగు వస్తాయి, అయిదోది బాగుంటుంది. ఇదంతా మీ కుక్కకే సుమా. దారిన పోయే కుక్క కళ్ళలోకి గుచ్చి గుచ్చి చూసి, ఆక్సిటోసిన్ రాలేదని నా మీద పడొద్దు.

మిగిలింది తొమ్మిదోది. "చనిపోయిన కుక్క ఫోటో ఇంట్లో ఉంచితే అరిష్టం. మన పూర్వీకులు జంతువులకి ఇలాంటివి చేసేవారు కాదు, ఇదంతా పాశ్చాత్య పిచ్చి." ఏ పూర్వీకులండీ? కుక్కని వదిలేసి రమ్మంటే స్వర్గమే వద్దన్న ధర్మరాజు మన పూర్వీకుడు కాదా? ఆయన పురాణ పురుషుడు అంటారేమో, సరే, శాసనం చూపిస్తాను. కర్ణాటకలో మాండ్య దగ్గర ఆతకూరులో క్రీస్తుశకం 949 నాటి వీరగల్లు దొరికింది. మణలరతుడనే వీరుడికి కాళి అనే వేటకుక్క ఉండేది. యుద్ధంలో అతని పరాక్రమానికి మెచ్చి రాజు ఏం కావాలో కోరుకోమంటే, అతను అడిగి తీసుకున్నది దాన్నే. అది అడవిపందితో తలపడింది, రెండూ చచ్చిపోయాయి. యుద్ధంలో పడ్డ వీరుడికి నిలబెట్టినట్టే దానికీ రాయి నిలబెట్టించాడు, పూజ జరగడానికి భూమి ఇచ్చాడు. రాయి మీద కుక్కా పందీ పోట్లాడుతున్న బొమ్మ చెక్కించాడు. ఫోన్ లేని కాలంలో తనకి చేతనైన ఫోటో అది. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. దానివల్ల ఎవరికైనా అరిష్టం చుట్టుకుందేమో, మెసేజ్ పంపినవాళ్ళు వెళ్ళి అక్కడి వాచ్‌మన్‌ని అడిగి రావచ్చు.