సర్వర్‌రోగ నివారిణి

జలుబుకు సరైన మందు వైద్యశాస్త్రం ఇంకా కనిపెట్టలేదు గానీ, లినక్స్ సర్వర్లకు వచ్చే సకల రోగాలకూ ఒకే మందు మన హైదరాబాద్‌లో ఎప్పటినుంచో దొరుకుతోంది. అమీర్‌పేట జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగ్‌తో సహా దొరుకుతోంది. మైత్రీవనం మెట్ల మీద సేవించడం మొదలుపెట్టినవాళ్లు మాదాపూర్, గచ్చిబౌలి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ చేరేసరికి టీమ్ లీడ్లయి, కిందివాళ్లకు తామే పోస్తున్నారు. మందు పేరు చ్‌మాడ్ 777, ఏ ఫైలును ఎవరు ఏం చేయొచ్చో మార్చే కమాండ్. ముద్దుపేరు ట్రిపుల్ సెవెన్.

వెబ్‌సైట్ తెరుచుకోవట్లేదా? ట్రిపుల్ సెవెన్. బ్యాకప్ స్క్రిప్టు కదలట్లేదా? ట్రిపుల్ సెవెన్. డేటాబేస్ లేవనంటోందా? లోపలున్న సమస్తానికీ పాకే మైనస్ ఆర్ తగిలించి ట్రిపుల్ సెవెన్. అమెరికా వీసా కావాలంటే చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేయాలి, వచ్చాక మళ్లీ వెళ్లి నూట ఎనిమిది తిరగాలి. ఇక్కడ తిరుగుడే లేదు. మూడంకెలు కొడితే కోరిక తీరిపోతుంది. మొక్కు తరవాత ఎప్పుడో నైట్ షిఫ్టువాడు తీరుస్తాడు.

దీక్ష తీసుకోనివారి కోసం రెండు ముక్కలు. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. మొదటి అంకె ఫైలు ఓనర్‌ది, రెండోది గ్రూపుది, మూడోది దారినపోయే దానయ్యది. డైరెక్టరీ దగ్గర ఆ 1కి పని వేరు: దాన్ని దాటి లోపలికి పోవచ్చా లేదా అన్నది అదే తేలుస్తుంది. ఈ చివరి ముక్క అమీర్‌పేట నోట్సులో ఉండదు, కాబట్టి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది. లినక్స్‌కు తాతలాంటిది యునిక్స్, 1971లో వచ్చిన దాని మొట్టమొదటి మాన్యువల్‌లోనే చ్‌మాడ్ ఉంది. ఎవరికి ఎంత అవసరమో అంతే ఇవ్వాలని యునిక్స్‌ను తయారుచేసిన బెల్ ల్యాబ్స్ వాళ్ల చాదస్తం. మనకు అలాంటి పట్టింపులు లేవు. దానయ్యకూ ఏడే.

ఈ మందు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే శుక్రవారం రాత్రి గచ్చిబౌలిలో సర్వర్ పడిపోతే అందరూ ఎక్కే ఏదో ఒక బ్రిడ్జ్ కాల్‌లోకి తొంగి చూడాలి. సైటు 403 అంటోంది, అంటే లోపలికి రానివ్వనని. కాల్‌లో డెలివరీ మేనేజరున్నాడు, ఆర్కిటెక్ట్ గారున్నారు, నెట్‌వర్క్ టీమ్ ఉంది, డేటాబేస్ టీమ్ ఉంది. స్క్రీన్ షేర్ చేస్తున్న కుర్రాడొక్కడే పనిచేస్తున్నాడు. నెట్‌వర్క్ వాళ్లు "పింగ్ వస్తోంది" అని చెప్పి మ్యూట్ చేసుకున్నారు. డేటాబేస్ వాళ్లు "మా సైడ్ అంతా గ్రీన్" అన్నారు, వాళ్లనెవరూ అడక్కపోయినా. స్క్రీన్ మీద సైటును నడిపే ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిచే ఉంది. అందులో ఫైలు పేరు పూర్తి దారితో సహా రాసి, పక్కన "13: పర్మిషన్ డినైడ్" అని ఉంది. ఆ ఒక్క లైనును కాల్‌లో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. చదివినవాడు కుర్రాడొక్కడే.

"సార్, ఇంజిన్‌ఎక్స్ ఏ యూజర్‌తో నడుస్తుందో చూద్దామా?" అన్నాడు పాపం.

"అవన్నీ తర్వాత చూద్దాం బ్రో, యూఎస్ వాళ్లు లైన్ల ఉన్నరు. ఈటీఏ ఏం చెప్పమంటవ్, ఎప్పటికల్లా అయితదని?" అన్నాడు మేనేజరు.

అప్పుడు ఆర్కిటెక్ట్ గారు అన్‌మ్యూట్ అయ్యారు. కాల్ మొత్తం ఊపిరి బిగబట్టింది. "ట్రిపుల్ సెవెన్ ఇచ్చారా?" అన్నారాయన. అంతే అని మళ్లీ మ్యూట్ అయ్యారు. అనుభవమంటే అది.

సైటు ఉన్న చోటు: హోమ్ కింద డిప్లాయ్, దాని కింద సైట్, దాని కింద పబ్లిక్. ముందు పబ్లిక్‌కు మైనస్ ఆర్ 777. పేజీ రిఫ్రెష్. 403. తర్వాత సైట్‌కు. 403. "క్యాషేమో, ఇన్‌కాగ్నిటోలో చూడమ్మా" అని ఎవరో అన్నారు. ఇన్‌కాగ్నిటోలోనూ 403. చివరికి డిప్లాయ్ హోమ్ డైరెక్టరీ మొత్తానికి మైనస్ ఆర్ 777 కొట్టారు. సైటు లేచింది! "గ్రేట్ జాబ్ టీమ్" అని మేనేజరు టైప్ చేశాడు. చప్పట్ల బొమ్మలు వరదలా వచ్చాయి.

అసలు రోగమేంటి? ఉబుంటులో 21.04 నుంచి కొత్త హోమ్ డైరెక్టరీలు 750తో పుడతాయి, అంటే దానయ్యకు సున్నా. ఇంజిన్‌ఎక్స్ నడిచేది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్‌తో. ఆ యూజర్ డిప్లాయ్ అనే గుమ్మం దాటలేకపోయింది. లోపల ఫైళ్లు 644తో నిక్షేపంగా ఉన్నాయి. వాటిలో ఒక్కదాన్ని కూడా ముట్టుకోవాల్సిన పనిలేదు. నేమ్‌ఐ మైనస్ ఎల్ అని కొట్టి ఫైలు పూర్తి దారి ఇస్తే, అన్నిటికీ మొదలైన స్లాష్ నుంచి ఫైలు దాకా ఒక్కో మెట్టు ఓనర్, గ్రూపు, పర్మిషన్ వరసగా చూపిస్తుంది. సుడో మైనస్ యు డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా స్టాట్ అని అదే ఫైలు మీద కొడితే, సర్వర్ కళ్లతో చూసినట్టే. రెండు కమాండ్లు, అర నిమిషం. మందు: ఆ ఒక్క డైరెక్టరీకి సెట్ఎఫ్ఏసీఎల్‌తో ఆ ఒక్క యూజర్‌కు ఒక్క ఎక్స్ బిట్, అంటే ఇందాకటి 1. ఇంకా మంచిది, సైటును ఎవరి హోమ్‌లోనో పెట్టకుండా స్లాష్ ఎస్ఆర్‌వీ కిందికి మార్చడం. కానీ అలా చేస్తే చప్పట్ల బొమ్మలెవరు పెడతారు?

కథ అక్కడితో ఆగితే దాన్ని మహిమ అనరు. కాసేపటికి కొత్త కోడ్ చేరవేసే డిప్లాయ్‌మెంట్ పైప్‌లైన్ ఫెయిలయింది, కీ పెట్టినా సర్వర్‌కు తలుపులాంటి ఎస్ఎస్‌హెచ్ లోపలికి రానివ్వట్లేదు. ఎందుకు రానిస్తుంది? హోమ్, అందులోని డాట్ ఎస్ఎస్‌హెచ్, ఆథరైజ్డ్ కీస్ ఫైలు: ఈ మూడింట్లో దేంట్లోనైనా ఓనర్ కానివాళ్లు రాయగలిగితే ఎస్ఎస్‌హెచ్ సర్వర్ ఆ కీని నమ్మదు. స్ట్రిక్ట్‌మోడ్స్ అన్న సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది. "బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్" అని లాగ్‌లో ముఖం మీదే రాస్తుంది. డాట్ ఎస్ఎస్‌హెచ్‌కు 700, కీస్ ఫైలుకు 600, హోమ్‌కు 750తో పాటు ఇందాకటి ఆ ఒక్క ఎక్స్ బిట్ ఇస్తే అయిపోయేది. ఇక్కడ ఏం చేశారు? చెప్పుకోండి చూద్దాం. సర్వర్ సెట్టింగులన్నీ ఉండే స్లాష్ ఈటీసీ మొత్తానికి మైనస్ ఆర్ 777.

స్లాష్ ఈటీసీకి 777 ఇస్తే యంత్రం చూపించే ఆత్మాభిమానం మనుషుల్లో కూడా అరుదు. తన సెట్టింగుల ఫైలు మై డాట్ సీఎన్‌ఎఫ్‌లో దానయ్య రాయగలడని చూసి మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఆ ఫైలునే లెక్కచేయడం మానేసి, ఒక వార్నింగ్ పడేసి డిఫాల్టులతో లేస్తుంది. "బఫర్ పూల్ పెంచినా పెరగట్లేదు సార్" అని వచ్చే వారమంతా ఒక టికెట్ నడుస్తుంది. వేళకు వాటంతటవే నడిచే క్రాన్.డీలోని పనులు మౌనవ్రతం పడతాయి. ఎస్ఎస్‌హెచ్‌ను రీస్టార్ట్ చేస్తే దాని హోస్ట్ కీలనే అది ఒప్పుకోదు. ఎవరు రూట్ (సర్వాధికారి) అవతారమెత్తొచ్చో సుడోకు చెప్పే సుడోఅర్స్ ఫైలు 0440లో ఉండాలి. వరల్డ్ రైటబుల్ అయితే, అంటే దానయ్య అందులో రాయగలిగితే, సుడో ఇక ఎవరి మాటా వినదు. అప్పటికి మిగిలిన ఏకైక ఆధారం ఆ కుర్రాడి స్క్రీన్ మీద తెరిచి ఉన్న రూట్ షెల్. "ఇక నువ్వు డ్రాప్ అవ్వొచ్చమ్మా, మేం చూసుకుంటాం" అన్నాడు మేనేజరు, దయతో.

మరీ భక్తి ముదిరినవాళ్లు ఉత్త స్లాష్ మీదే కొడతారు. అప్పుడు పోయేది సెట్‌యూఐడీ బిట్. ఉబుంటులో సుడో, ఎస్‌యూ, పాస్‌వర్డ్ కమాండ్లు 4755తో ఉంటాయి. ముందున్న ఆ 4 వల్లే మామూలు యూజర్ నడిపినా అవి రూట్ అధికారంతో పనిచేస్తాయి. దాన్ని కనిపెట్టినందుకు డెన్నిస్ రిచీకి 1979లో అమెరికా పేటెంట్ వచ్చింది. ఆ 4ను ఒక్క ఎంటర్‌తో తుడిచిపెట్టే ఘనత మనది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఆర్‌పీఎమ్ మైనస్ ఏ, డబుల్ డాష్ సెట్‌పెర్మ్స్ అంటే ప్యాకేజీల ఫైళ్లవరకు పాత పర్మిషన్లు తిరిగొస్తాయి. డెబియన్, ఉబుంటులకు అలాంటి ఒక్క కమాండ్ లేదు. బ్యాకప్, లేదా కొత్త సర్వర్. ముందుజాగ్రత్తగా గెట్ఎఫ్ఏసీఎల్ మైనస్ ఆర్ అవుట్‌పుట్‌ను ఫైల్లో దాచుకున్నవాళ్లు సెట్ఎఫ్ఏసీఎల్ రిస్టోర్‌తో బయటపడతారు. వాళ్లు ట్రిపుల్ సెవెన్ కొట్టే రకం కాదు, అదీ చిక్కు.

పర్మిషన్‌తో సంబంధమే లేని జబ్బుకు కూడా ఇదే గుక్క పట్టిస్తారు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసిన స్క్రిప్టును సర్వర్‌లో పెడితే "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని వస్తుంది, బ్యాష్ పేరు చివర ఒక చిన్న టోపీ, ఎమ్ తగిలించుకుని. లైను చివర దాక్కున్న విండోస్ క్యారేజ్ రిటర్న్ అది. ఫైల్ కమాండ్ కొడితే సీఆర్ఎల్ఎఫ్ అని చెప్పేస్తుంది, డాస్‌2యునిక్స్ కొడితే వదిలిపోతుంది. 777 కాదు కదా, 7777 ఇచ్చినా ఆ టోపీ ఊడదు.

ట్రిపుల్ సెవెన్‌కు ఒక తమ్ముడున్నాడు: సెట్‌ఎన్‌ఫోర్స్ 0. రెడ్‌హ్యాట్, రాకీ సర్వర్లలో ఫైళ్ల లేబుళ్లు చూసి కాపలా కాసే ఎస్ఈలినక్స్‌ను నోరు మూయించడానికి వాడతారు. హోమ్ నుంచి ఫైళ్లను ఎమ్‌వీతో వెబ్ డైరెక్టరీలోకి జరిపితే, హోమ్ లేబుల్ కూడా వెంట వస్తుంది. వెబ్ సర్వర్ ముట్టుకోదు. ఎల్ఎస్ మైనస్ పెద్ద జెడ్‌తో లేబుల్ కనిపిస్తుంది, రీస్టోర్‌కాన్ మైనస్ ఆర్‌వీతో సరైన లేబుల్ పడుతుంది. వెనకున్న అప్లికేషన్‌ను అందుకోలేక ప్రాక్సీ 502 ఇస్తుంటే, హెచ్‌టీటీపీడీ క్యాన్ నెట్‌వర్క్ కనెక్ట్ అన్న బూలియన్ ఆఫ్‌లో ఉందేమో చూసి సెట్‌ఎస్ఈబూల్ మైనస్ పీతో ఆన్ చేయాలి. ఏది అడ్డుపడిందో ఏయూసెర్చ్ మైనస్ ఎమ్ ఏవీసీ చెబుతుంది. ఇంత చెప్పే కాపలాదారును పనిలోంచి తీసేసి, రికార్డులో "ఇష్యూ రిజాల్వ్డ్" అని రాస్తారు.

ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునే ఫోల్డర్ కావాలా? ఒక గ్రూపు పెట్టి, డైరెక్టరీకి 2775 ఇచ్చి, కొత్త ఫైళ్ల పర్మిషన్లు తేల్చే వాళ్ల యూమాస్క్‌ను 002 చేయండి. ఆ ముందున్న 2 వల్ల కొత్త ఫైళ్లు గ్రూపు పేరుతోనే పుడతాయి. మైనస్ ఆర్ కొట్టక తప్పదా? పెద్ద ఎక్స్ వాడండి, డైరెక్టరీలకూ, ఇప్పటికే నడిచే ఫైళ్లకూ మాత్రమే ఎక్స్ పడుతుంది. ఇవి రహస్యాలు కావు. మాన్యువల్‌లో, అదే మ్యాన్ పేజీలో, ఉన్నాయి.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. ఇక నవ్వు రాని సంగతి. ఈ ఊళ్లో లెక్కలేనన్ని అప్లికేషన్లలో అప్‌లోడ్స్ అని ఒక ఫోల్డర్ ఉంటుంది. అందులో జనం ఎక్కించిన ఆధార్ కార్డు, పాన్ కార్డు, జీతం స్లిప్పు, గర్భిణి స్కాన్ రిపోర్టు. "అప్‌లోడ్ అవ్వట్లేదు సార్" అని ఎప్పుడో ఒక టికెట్ వచ్చింది. ఎవడో దానికి ట్రిపుల్ సెవెన్ కొట్టి ఇంటికెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి ఆ మిషన్ మీద నడిచే ప్రతి ప్రాసెసూ ఆ కాగితాలు చదవొచ్చు, మార్చొచ్చు, చెరపొచ్చు, వాటి మధ్య ఒక పీహెచ్‌పీ ఫైలు వదలొచ్చు. ఆ డైరెక్టరీని పీహెచ్‌పీ నడిచే యూజర్ పేరున పెట్టి 750 ఇచ్చి, అక్కడ పీహెచ్‌పీ నడవకుండా ఇంజిన్‌ఎక్స్‌లో ఒక లొకేషన్ బ్లాక్ రాస్తే పోయేదేముంది? ఐదు నిమిషాలు పోయేవి! ఎవరి కడుపులో బిడ్డ ఫొటోనో బజార్లో పెట్టే హక్కు నీకెవడిచ్చాడు? 2023 డేటా రక్షణ చట్టం జాగ్రత్త తీసుకోనివాళ్లకు 250 కోట్ల దాకా జరిమానా అంటోంది. సిగ్గుకు మాత్రం ఏ చట్టంలోనూ సెక్షన్ లేదు.

పైగా రేపు అది బయటపడితే వార్నింగ్ మెయిల్ ఎవరికొస్తుంది? ఆర్కిటెక్ట్ గారికి రాదు. హిస్టరీలో కమాండ్ ఎవడి లాగిన్‌తో ఉంది? ఆ కుర్రాడిది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి కట్టిన కోచింగ్ ఫీజుకు వాడికి ట్రిపుల్ సెవెన్ నేర్పించినవాడు బానే ఉన్నాడు, వాడు సరైన ప్రశ్న అడిగితే నోరు మూయించినవాడూ బానే ఉన్నాడు. మూలకారణం రాసే ఆర్‌సీఏ డాక్యుమెంట్లో "రూట్ కాజ్: హ్యూమన్ ఎర్రర్" అని రాస్తారు. హ్యూమన్ ఎవరో అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు.

మీ సర్వర్ సంగతి తేల్చుకోవాలంటే రూట్‌గా ఫైండ్ స్లాష్ మైనస్ ఎక్స్‌డెవ్ మైనస్ టైప్ ఎఫ్ మైనస్ పెర్మ్ మైనస్ 0002 అని కొట్టండి. స్లాష్ ఉన్న డిస్కు భాగంలో దానయ్య రాయగలిగే ఫైళ్లన్నీ వస్తాయి. డైరెక్టరీల కోసం టైప్ డీతో ఇంకోసారి. స్లాష్ టీఎమ్‌పీ అందులో కనిపిస్తే కంగారుపడకండి, అది 1777తోనే ఉండాలి, ఎవరి ఫైలు వాళ్లే చెరుపుకునేలా ముందున్న ఆ 1 చూసుకుంటుంది. జాబితా తెర మీద ఆగకుండా దొర్లుతుంటే కంట్రోల్ సీ కొట్టి, ఒక ఫైల్లోకి మళ్లించి, పొద్దున టీమ్ మీటింగులో తెరవండి. ఆ ఫైలుకు మాత్రం 600 పెట్టండి.