హెచ్-ఇండెక్స్ గారూ, భుజం నొప్పికి మీ దగ్గర గడి ఉందా?

మహారాజశ్రీ హెచ్-ఇండెక్స్ గారికి,

నల్లగొండలో ఇంజనీరింగ్ పిల్లలకు పాఠాలు చెప్పుకునే ఒక లెక్చరర్ నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగాల్సిన పని లేదు. పరిశోధకుడి పేపర్లను ఒక్క అంకెలో తూచే కొలత మీరు, మీకు పెరగడమే తప్ప తగ్గడం తెలియదు కదా. పరిశోధకుడు రిటైరైనా, పాపం కాలం చేసినా, మీరు మాత్రం పైకి పోతూనే ఉండగలరు.

మీరు 2005లో పుట్టారు. కాలిఫోర్నియాలో ఫిజిక్స్ ప్రొఫెసర్ హోర్హే హిర్ష్ గారు మీకు తండ్రి. మీ లెక్క మా ఫస్టియర్ పిల్లలకు ఒక్కసారి చెబితే ఎక్కుతుంది. ఒక మనిషి రాసిన పేపర్లలో పదింటికి తలా పది సైటేషన్లైనా, అంటే వేరే పేపర్లలో ప్రస్తావనలైనా, ఉంటే ఆయన హెచ్ 10. జీవితంలో ఒకే పేపర్ రాసి, దాన్ని లోకమంతా నెత్తిన పెట్టుకున్నా సరే, ఆయన హెచ్ 1. అమెరికాలోని పెద్ద యూనివర్సిటీల్లో ఉద్యోగం ఖాయం కావడానికి 12, ప్రొఫెసర్ కావడానికి 18 ఉండొచ్చని మీ తండ్రిగారు ఒక అంచనా చెప్పారు. అది ఫిజిక్స్ వాళ్ల సంగతి, శాఖను బట్టి అంకె మారుతుంది, ఒక్క అంకెతో మనిషి మొత్తం తేలడు అని కూడా ఆయనే రాశారు. ఈ రెండో మాట హైదరాబాద్ దాకా క్షేమంగానే వచ్చి, నార్కట్‌పల్లి దగ్గర బస్సు నల్లగొండ వైపు మలుపు తిరిగేటప్పుడు కిటికీలోంచి జారిపోయినట్టుంది. మా స్టాఫ్ రూముకు అంకె ఒక్కటే చేరింది.

చేరాక మా పలకరింపులే మారిపోయాయి. పిల్లలు బాగున్నారా, వానలు పడ్డాయా అని అడిగేవాళ్లు ఇప్పుడు ‘ఎంత?’ అని అడుగుతున్నారు. దేంట్లో ఎంత అని ఎదురు అడగాలి. సైటేషన్లు లెక్కపెట్టే గూగుల్ స్కాలర్‌లో మీరు కాస్త బొద్దుగా కనిపిస్తారు, అదే పని చేసే స్కోపస్‌లో సన్నబడతారు. అందుకని అందరూ తమది స్కాలర్‌లో చెప్పుకుంటారు, పక్కవాడిది స్కోపస్‌లో చూస్తారు.

మహబూబ్‌నగర్‌లో పిల్లలమర్రి అని వందల ఏళ్ల మర్రిచెట్టు ఉంది. ఊడలు దిగి దిగి అసలు మాను ఏదో చెప్పలేని స్థితికి వచ్చింది. మీ నీడలో సైటేషన్లదీ అదే తీరు. నేను ఆయన పేపర్ని, ఆయన మేడం గారి పేపర్ని, మేడం గారు నా పేపర్ని సైట్ చేస్తే మొదటి మాట ఎవరిదో ఎవరికి కావాలి? పైగా మీకు పొగడ్తా తిట్టూ ఒకటే. ‘ఈ పద్ధతి శుద్ధ తప్పు’ అని రాస్తూ సైట్ చేసినా మీ ఖాతాలో ఒకటి జమ.

సరే, నా గోడు అది కాదు. నా శాఖ హ్యూమన్ ఫ్యాక్టర్స్. పనిముట్టు మనిషికి తగ్గట్టు ఉండాలి గానీ మనిషి పనిముట్టుకు తగ్గట్టు వంగకూడదు అని చెప్పే చదువు. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 విమానాలు క్షేమంగా దిగాక కొందరు పైలట్లు ఫ్లాప్స్ (రెక్కల అంచున కదిలే పలకలు) మీట అనుకుని చక్రాల మీట లాగేవారు. విమానం పొట్ట మీద కూలబడేది. పైలట్లది పొరపాటు అని ఫైలు మూసేయకుండా అల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు కాక్‌పిట్ చూశాడు. రెండు మీటలూ ఒకే తీరుగా, పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని కొసకు చిన్న చక్రం, రెండోదానికి ఫ్లాప్ ఆకారంలో పిడి తగిలిస్తే చేతికి తేడా తెలిసిపోయింది. మా శాఖకు పునాది అలాంటి పనే.

ఇప్పుడు మా శాఖలో సైటేషన్లు ఎవరికి కురుస్తాయో తెలుసా? కొలిచే వాటికి. ఒంట్లో నొప్పి ఎక్కడో అడిగే 1987 నాటి నార్డిక్ ప్రశ్నావళి, పని బరువును కొలిచే, 1988లో హార్ట్, స్టేవ్‌ల్యాండ్ రాసిన నాసా-టీఎల్‌ఎక్స్, పనిలో ఒళ్లు ఎలా వంగుతోందో చూసి మార్కులు వేసే, 1993లో వచ్చిన రూలా. మంచి సాధనాలే, నేనూ రోజూ పాఠం చెబుతాను. కానీ మీ పుణ్యమా అని వీటిలో ఒకదాన్ని చంకన పెట్టుకుని ఏ పనివాళ్ల దగ్గరికి వెళ్లినా పేపర్ ఖాయం. శీర్షిక కూడా తయారుగా ఉంటుంది: ‘ఉమ్మడి నల్లగొండ జిల్లా ఫలానా కార్మికులలో కండరాల నొప్పుల అధ్యయనం.’ ఫలానా అన్నచోట చేనేత రాయండి. ఆ తర్వాత మిర్యాలగూడ రైస్‌మిల్లు హమాలీలు, బత్తాయి తోటల కూలీలు, బీడీలు చుట్టేవాళ్లు. జిల్లా దాటే ఓపిక ఉంటే పాలమూరు మట్టిపని వాళ్లు ఉండనే ఉన్నారు. వాళ్ల తాతలు దేశమంతా డ్యాములు కట్టారు, మనవలు మన హెచ్ కట్టకపోతారా!

పోచంపల్లి వైపు ఒక ఇంట్లో ఆసు పోసే (చీర నేతకు ముందు దారం సిద్ధం చేసే) అమ్మ ముందు నార్డిక్ బొమ్మ పెట్టాం. మెడ, భుజం, నడుము, మోకాలు అని గీతలు కొట్టి ఉన్న మనిషి బొమ్మ. ఆమె భుజం దగ్గర గుర్తు పెట్టి, కాగితం తిరిగిచ్చి, ‘గుర్తు వెట్టుమన్నరు, వెట్టిన సారూ. గిప్పుడు పోతదా నొప్పి?’ అని అడిగింది. ఆ ప్రశ్నకు ప్రశ్నావళిలో గడి లేదు. ‘పోయినసారి వచ్చినోళ్లు గూడ గిదే బొమ్మ దెచ్చిండ్రు’ అని కూడా అంది. ఆ పోయినసారి వాళ్ల పేపర్నే మేం సైట్ చేశాం లెండి.

ఆ ప్రశ్నకు జవాబు ఆలేరు దగ్గరి శారాజీపేటలో ఎప్పుడో దొరికింది. చింతకింది మల్లేశం గారు ఆరో తరగతితో బడి మానేశారు. ఆసు పోయడమంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చెయ్యి పైకీ కిందికీ తిప్పుతూ దారం వేయడం. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి తిరగాలి, తిప్పిన ప్రతిసారీ గజం దూరం. తల్లి లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఏళ్ల తరబడి అప్పులు చేసి, ఊరివాళ్ల మాటలు పడి, 1999కి ఆసు యంత్రం తయారు చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది, ఆ పని భుజం మీద నుంచి మోటారు మీదికి పోయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

మా సిలబస్ మొత్తం ఆ ఒక్క యంత్రంలో ఉంది: ఒకే కదలిక వేలసార్లు, చాచిన చెయ్యి, కదలని నడుము, తప్పు పోతే చెడే డిజైన్. కానీ మీ లెక్కలో అది సున్నా. యంత్రం పేపర్ కాదు. నొప్పి తగ్గిన భుజం ఎవరినీ సైట్ చేయదు. అదే యంత్రం వాడే వాళ్ల మీద రూలా వేసి నేను పేపర్ రాస్తే నా హెచ్ పెరుగుతుంది. భుజాన్ని కొలిచినవాడికి జమ, బాగుచేసినవాడికి నిల్. ఈ పద్దు మీకు సబబుగానే ఉందా?

ఆ మాటకొస్తే మా ఊరి పేరే పెద్ద సైటేషన్. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారు చేసి ‘నల్లగొండ టెక్నిక్’ అని పేరు పెట్టింది. ఇథియోపియా, టాంజానియా నీళ్ల మీద రాసిన పేపర్లలో కూడా నల్లగొండ కనిపిస్తుంది. మర్రిగూడ వైపు ఆ ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగినవాళ్ల ఎక్స్‌రేలు ఎన్ని జర్నళ్లు తిరిగాయో! ఊళ్లకు ఊరట ఇచ్చింది మాత్రం నల్లాల్లో వచ్చిన కృష్ణా నీళ్లు.

మీ మీద నాసా-టీఎల్‌ఎక్స్ వేసి చూద్దామని నాకో కోరిక. ఒక పని మనిషి మీద ఎంత బరువు పెడుతుందో ఆరు ప్రశ్నలతో కొలిచే సాధనం అది. పని: మీకోసం పేపర్ రాయడం. బుర్రకు ఎంత శ్రమ? చాలా తక్కువ, పోయినసారి ఫైలులో వృత్తి పేరు మారిస్తే చాలు. ఒంటికి? కాస్త ఎక్కువే, ఎర్గోనమిక్స్ (మా శాఖకే ఇంకో పేరు) చెప్పే మా గదిలో కుర్చీలకు నడుము ఆనే పలక ఊడిపోయి చాలాకాలమైంది. టైం ఒత్తిడి? మార్చిలో అడగండి. పని ఎంత బాగా అయింది? ఈ గీత ఒక్కటే తిరగేసి ఉంటుంది, బాగా అయితే సున్నా వైపు పెట్టాలి. చాలామంది ఇక్కడ తికమకపడి తలకిందులుగా గుర్తు పెడతారు. మనుషుల మీద బరువును కొలిచే సాధనమే మనుషుల్ని ఇలా తికమకపెట్టడం నాకు భలే ఇష్టం. ఎంత కష్టపడ్డారు? కష్టం రాయడంలో లేదు, ఏపీసీలు కట్టడంలో ఉంది. జర్నల్ వాడి ఫీజు అన్నమాట. చిరాకు ఎంత? గీత 100 దగ్గర అయిపోయింది, కాగితం అంచు దాకా వెళ్లమంటారా?

మీ తండ్రిగారి సంగతి కూడా విన్నాను. 2020లో ఆయనే మీ గురించి రాస్తూ, మీవల్ల అనుకోని చెడు ఫలితాలు రావచ్చని ఒప్పుకున్నారు. సూపర్‌కండక్టివిటీ మీద అందరికీ ఎదురు వెళ్లి తాను రాసిన పేపర్లను పట్టించుకునేవాళ్లు లేరని ఆయన బాధ. కన్నవాళ్లనే లెక్కచేయని మీరు నల్లగొండ లెక్చరర్ మాట వింటారా అని మావాళ్లు నవ్వుతున్నారు.

అయినా ఒక చిన్న మనవి. మా వార్షిక అప్రైజల్ ఆన్‌లైన్ ఫారంలో మీ గడి అన్నిటికంటే పైన, ఎర్ర చుక్కతో ఉంటుంది. నింపకపోతే ఫారం ముందుకు కదలదు. అట్టడుగున ‘సమాజానికి ఉపయోగం’ అని ఇంకో గడి ఉంది, నింపినా నింపకపోయినా ఒకటే, యాభై అక్షరాలు దాటనివ్వదు. ఆ ఎర్ర చుక్కను ఒక్క ఏడాదికి కిందికి దింపించగలరా? చపానిస్ గారి మీటల కంటే ఇది చిన్న మార్పు, మా కంప్యూటర్ ల్యాబ్ అబ్బాయి పది నిమిషాల్లో చేస్తానంటున్నాడు. ప్రిన్సిపాల్ గారి సంతకం మాత్రం మీ పేరు మీద అడిగితేనే పడుతుందట.

ఇట్లు,
మీ రెండంకెల కోసం ఎదురుచూస్తున్న ఒక లెక్చరర్, నల్లగొండ