రీఫండ్‌లో వాటా తీసుకున్నవాడి పేరు ఎక్కడ?

ఒంగోలులో మా వీధిలో ఉండే మాస్టారు మొన్న ఫోన్ పట్టుకుని వచ్చారు. ఆదాయపు పన్ను శాఖ నోటీసు. ఆయన ఓ రాజకీయ పార్టీకి విరాళం ఇచ్చినట్టు రిటర్నులో ఉంది. అలా చూపిస్తే పన్ను తగ్గి, ముందే కోసిన దాంట్లోంచి రీఫండ్ వస్తుంది. ఆ పార్టీ పేరే ఆయన ఎప్పుడూ వినలేదు. జిరాక్స్ షాపు పక్కనుండే కన్సల్టెంటుకు ఫారం 16 (జీతం, కోసిన పన్ను వివరాల కాగితం), పాన్ కార్డు ఇచ్చి, పాస్‌వర్డు చీటీ మీద రాసిచ్చారు. "రీఫండ్ వస్తే పది శాతం ఇవ్వండి మాస్టారూ, రాకపోతే ఒక్క రూపాయి వద్దు" అన్నాడట. 42 వేలు వచ్చాయి, 4,200 ఇచ్చారు. స్టాఫ్‌రూమ్‌లో సంగతి తెలిసి మరో నలుగురు అక్కడికే వెళ్లారు.

ఇప్పుడు ఆ 42 వేలు వడ్డీతో కట్టాలి. తప్పుడు సమాచారమని తేలితే 1961 ఆదాయపు పన్ను చట్టం 270ఎ సెక్షన్ కింద ఆ పన్నుకు రెండింతలు, అంటే 84 వేల దాకా జరిమానా పడొచ్చు. మాస్టారి తప్పు లేదని అనను. చదవకుండా ఓటీపీ చెప్పింది ఆయనే. కానీ ఆ అంకె వేసినవాడి మాటేమిటి?

సలహాదారు బాధ్యత క్లయింటుకేనా, ఖజానాకూ ఉందా అని పన్ను చట్టాల పండితులు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. మన దగ్గర వ్యవహారం అంతదాకా కూడా రాలేదు. చార్టర్డ్ అకౌంటెంటు ఇలా ఫలితాన్ని బట్టి శాతం లెక్కన ఫీజు తీసుకుంటే, కొన్ని మినహాయింపులు పోను, 1949 నాటి సీఏల చట్టం ప్రకారం వృత్తి దుష్ప్రవర్తనే. తప్పుడు సర్టిఫికెట్ ఇస్తే 1961 ఆదాయపు పన్ను చట్టం 271జె సెక్షన్ కింద 10 వేల జరిమానా. ఏ డిగ్రీ, ఏ లైసెన్సూ లేకుండా షాపు తెరిచినవాడికి ఈ కట్టుబాట్లేవీ లేవు. చదువుకున్నవాడికి నియమాలు పెట్టి, జనం ఎక్కువగా వెళ్లే గుమ్మాన్ని బార్లా వదిలేశాం.

తప్పుడు రిటర్నుకు ప్రేరేపించినవారికి అదే 1961 చట్టం 278 సెక్షన్ కింద జైలు శిక్ష ఉన్న మాట నిజమే. కానీ రిటర్ను మీద అతని పేరుండదు, సంతకముండదు. 2025 జులైలో ఆ శాఖ దేశంలో 150 చోట్ల సోదాలు చేసినప్పుడు ఓ విషయం చెప్పింది. ఏజెంట్లు తాత్కాలిక ఈమెయిళ్లు సృష్టించి రిటర్నులు వేస్తున్నారు, తర్వాత వాటిని వదిలేస్తున్నారు, నోటీసులు ఎవరూ చూడటం లేదు. మాస్టారికి జరిగిందీ అదే. మొదటి రెండు నోటీసులూ ఆయన ఎరగని మెయిల్‌కు వెళ్లాయి. అప్పటికి నాలుగు నెలల్లో దాదాపు 40 వేల మంది 1,045 కోట్ల తప్పుడు క్లెయిములు వెనక్కి తీసుకున్నారని కూడా శాఖే ప్రకటించింది. ఇంతమందికి ఒకేసారి దురాశ పుట్టిందంటే నేను నమ్మను. ఇది కొందరికి వ్యాపారమైంది.

అమెరికాలో డబ్బు తీసుకుని రిటర్ను తయారుచేసే ప్రతివాడూ దానిమీద తన గుర్తింపు నంబరు వేయాలి. మనకూ 2006లో టీఆర్పీ (ట్యాక్స్ రిటర్న్ ప్రిపేరర్, అంటే రిటర్నులు తయారుచేసేవారి) పథకం వచ్చింది. అందులో చేరినవారు రిటర్ను మీద తమ నంబరు వేస్తారు. చేరనివారికి ఆ అవసరమే లేదు. ఫీజు తీసుకునే ప్రతి ఒక్కరికీ దాన్ని తప్పనిసరి చేయాలి, రీఫండ్‌లో శాతం అడగడాన్ని నిషేధించాలి.

నోటీసుకు జవాబు రాయడానికి కూర్చున్నప్పుడు మాస్టారు ఒకటే అడిగారు: "అతని పేరు ఎక్కడ రాయాలి?" రిటర్ను మొదటి నుంచి చివరిదాకా చూశాం. ఉన్నది మాస్టారి పేరొక్కటే.