సవరణ: బ్రోకలీలో సల్ఫోరాఫేన్ సిద్ధంగా ఉండదు

‘బ్రోకలీని బాగా ఉడికించి తింటే సల్ఫోరాఫేన్ అంది క్యాన్సర్ రాదు’ అని ముందటి పోస్టులో ఉంది. అందులో రెండు మాటలు మారాలి.

సల్ఫోరాఫేన్ అంటే క్యాన్సర్‌ను అడ్డుకోగలదేమోనని పరిశోధనలు జరుగుతున్న ఒక పదార్థం. బ్రోకలీలో నేరుగా ఉండేది అది కాదు, దానికి ముడిసరుకు లాంటి గ్లూకోరాఫనిన్. ముక్క కోసినప్పుడో నమిలినప్పుడో కణాలు చితికి, మైరోసినేజ్ అనే ఎంజైమ్ దాన్ని తాకితేనే సల్ఫోరాఫేన్ పుడుతుంది. మరిగే నీళ్లలో ఈ ఎంజైమ్ పాడైపోతుంది. గ్లూకోరాఫనిన్ కూడా చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది, ఆ నీళ్లేమో పారబోస్తాం. అందుకే సన్నగా తరిగి 40 నిమిషాలు పక్కన పెట్టి, ఆ తర్వాత 3, 4 నిమిషాలు మాత్రం ఆవిరి మీద ఉడికించండి.

ఫ్రోజెన్ ముక్కల్ని ప్యాక్ చేసేముందే వేడినీళ్లలో ముంచి తీస్తారు, కాబట్టి వాటిలో ఎంజైమ్ దాదాపు మిగలదు. పొయ్యి మీంచి దించాక అర చెంచా పచ్చి ఆవపిండి కలపండి. ఆవాల్లో మైరోసినేజ్ దండిగా ఉంటుంది. పోపులో వేగిన ఆవాలు ఈ పనికి రావు. ఆవపెట్టిన కూరలో ఆవముద్దను చివర్న, దించాక కలిపే పద్ధతి ఇక్కడ అచ్చంగా సరిపోతుంది.

‘క్యాన్సర్ రాదు’ అన్న మాట మాత్రం పూర్తిగా తీసేయాలి. ల్యాబ్‌లో, జంతువుల్లో ఫలితాలు ఆశ కలిగిస్తున్నాయి గానీ మనుషుల్లో నివారణ రుజువు కాలేదు. దీన్ని నమ్మి ఎవరూ మందులు మానకూడదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ అనే మందు వాడేవారు డాక్టర్‌కి చెప్పకుండా బ్రోకలీ ఒక్కసారిగా పెంచొద్దు, అందులోని విటమిన్-కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.