పుస్తకంలో భాష ఉంది కదా!

తెలుగువాడు స్వేచ్ఛాజీవి. అలాంటివాడి మీద ‘నియంత్రిత పదజాలం’ అనే విదేశీ కుట్ర ఒకటి జరుగుతోందని సవినయంగా హెచ్చరిస్తున్నాను. లైబ్రరీ క్యాటలాగులో ఒక వస్తువుకి ఒకే పేరు ఖాయం చేయాలట. వేరే పేరుతో వెతికినవాణ్ణి ‘ఫలానాది చూడు’ అని అక్కడికే పంపాలట. అరుదైన పుస్తకాలైతే చాదస్తం మరీ ముదురుతుంది. అమెరికా లైబ్రేరియన్లు వాటికోసం ఆరు జాబితాలు రాసుకున్నారు: బైండింగు, కాగితం, అచ్చక్షరాలు, ముద్రణ ఆనవాళ్ళు, రచనల రకాలు, పుస్తకం ఎవరెవరి చేతులు మారిందో చెప్పే గుర్తులు. పాత యజమాని సంతకం ఉన్న పుస్తకాలన్నీ కావాలంటే ఒక్క మాట కొడితే చాలట. పనిలేని జనం.

మనకా కర్మ లేదు. తాటాకు పుస్తకం ఒక చోట తాళపత్ర గ్రంథం, ఇంకో చోట వ్రాతప్రతి, పక్క జిల్లాలో లిఖిత ప్రతి, యూనివర్సిటీలో పాండులిపి, బీరువా మీద అంటించిన చీటీలో ‘పాతవి’. కందుకూరి వీరేశలింగం గారు 1919లో పోయారు గానీ క్యాటలాగుల్లో ఇప్పటికీ కొత్తగా పుడుతూనే ఉన్నారు. ఇంగ్లిషు స్పెల్లింగు మారినప్పుడల్లా ఒకాయన, ఇంటిపేరు కింద ఒకాయన, ‘కె’ అనే పొడి అక్షరం కింద ఒకాయన, రావు బహద్దూరు బిరుదు కింద మరొకాయన. ఆయన కలిపిన జంటల కన్నా ఆయన్ని చేసిన ముక్కలే ఎక్కువ.

ఈ మధ్య ప్రజల సొమ్ముతో స్కాన్ చేసిన ఒకానొక డిజిటల్ భాండాగారంలో పశువైద్యం మీద పాత పుస్తకం వెతికాను. దొరకలేదు. ఇంకేదో వెతుకుతుంటే అదే ఎదురొచ్చింది. పేరు: లభ్యం కాదు. రచయిత: లభ్యం కాదు. విషయం: భాష, భాషాశాస్త్రం, సాహిత్యం. తెరిస్తే మొదటి పేజీలోనే వేలెడంత అక్షరాలతో పేరూ, దాని కింద రచయితా.

ఇంత గొప్ప నిర్ణయం ఆషామాషీగా జరిగి ఉండదు. దీనికోసం తప్పకుండా ఒక సంఘం కూర్చుని ఉంటుంది.

“ఇందులో గేదె ఉందండీ,” అని టైపిస్టు మొదలుపెట్టి ఉంటాడు.

“అయితే పశువులు అని రాయవయ్యా,” అన్నారు అధ్యక్షులవారు.

“గేదెకి జబ్బు చేసిందండీ.”

“అయితే వైద్యం.”

మందులన్నీ ఆకులూ బెరళ్ళూ కాబట్టి ఇది వృక్షశాస్త్రమని విశ్రాంత ఆచార్యులు పట్టుబట్టారు. నలభయ్యో పేజీలో సీసపద్యం కనబడిందని కవిసభ్యుడు లేచి నిలబడ్డాడు. పొదుగువాపు సీసంలో చెప్పాక అది కావ్యం కాక మరేమిటని గద్గదంగా అడిగాడు. ఇంతలో చివర ఒక మంత్రం బయటపడింది. ఆధ్యాత్మికం అన్నారెవరో. అందరూ బల్ల కింద చెప్పులు విప్పారు. పకోడీలు వచ్చాయి. పొట్లం కట్టిన కాగితం కూడా ఏదో పాత పుస్తకంలోదే. దాని విషయం ఏమిటన్న దగ్గర మాత్రం భేదాభిప్రాయం రాలేదు.

“అయ్యా, మా ఊళ్ళో దీన్ని పశువైద్యం అంటారండీ,” అన్నాడు టీ గ్లాసులు తీస్తున్న అటెండరు.

“నువ్వు లైబ్రరీ సైన్సు చదివావా?”

“లేదండీ, గేదెలున్నాయండీ.”

అతన్ని బయటికి పంపి తలుపు వేశారు. సాయంత్రం అయిదున్నరకి అధ్యక్షులవారికి జ్ఞానోదయమైంది. “ఏదైతేనేం, పుస్తకంలో భాష ఉంది కదా!” చప్పట్లు. తీర్మానం ఏకగ్రీవం.

ఈ లెక్కన పంచాంగంలోనూ భాష ఉంది, వంటల పుస్తకంలోనూ ఉంది.

అమెరికా జాబితాని దించుకుంటే పోలేదా అంటారు. పోదు. శతకం, దండకం, యక్షగానం మన రకాలు. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన కైఫీయత్తు, అంటే ఊరి వివరాల చిట్టా ఉంది. గుడి పురాణం, పాలెగాడి వంశం, మాన్యాల తగాదా అన్నీ ఒకే కట్టలో ఉంటాయి. అది చరిత్రా, రెవెన్యూ రికార్డా? ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మనమే. అమెరికాలో ‘అక్రమ పరదేశీయులు’ అనే అర్థం వచ్చే ఒక్క క్యాటలాగు శీర్షికని మారుస్తామని అక్కడి పెద్ద గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2016లో అంటే చట్టసభ అడ్డం పడింది. మారేసరికి 2021 వచ్చింది. ఒక్క మాట కోసం అన్నేళ్ళు కొట్టుకున్నారు. కొట్టుకోవడానికి మన దగ్గర మాటే లేదు.

తాళపత్రాల చివర లేఖకులు ఒక శ్లోకం రాసేవారు. వీపు, నడుము, మెడ విరిగేలా, చూపు నిలబెట్టి, తల దించుకుని, కష్టపడి రాశాను, జాగ్రత్తగా కాపాడండి అని. ఎవరికి చెప్పుకున్నాడయ్యా ఆ మనిషి? మనకే. గంటంతో ఒక్కో అక్షరం గీసి, మసి పూసి, ఆకు వెనక ఆకు పేర్చి మన చేతిలో పెట్టాడు. మనం దాన్ని స్కాన్ చేసి, ఫోటో దిగి, పేరు దగ్గర ‘లభ్యం కాదు’ అని కొట్టాం. సిగ్గుండక్కర్లేదా? అచ్చుపుస్తకం మొదటి పేజీ చదవడానికి కూడా ఒళ్ళు బద్ధకమా? పురుగు తిన్న పుస్తకాన్ని కనీసం పురుగైనా పేజీ పేజీ తిరగేసింది. మనం దాచిన పుస్తకం ఎవరికీ దొరకదు.

ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా ముక్కుపిండి వసూలు చేస్తారు. క్యాటలాగు చేసే మనిషి ఎక్కడని అడిగితే పోస్టు ఖాళీ. స్కానింగు యంత్రానికి రిబ్బను కట్టొచ్చు, మంత్రిగారు కత్తిరించొచ్చు. ‘చూడు’ అనే మాటకి రిబ్బను ఎక్కడ కడతారు? పాఠకుడి సమయం ఆదా చెయ్యమని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే సూత్రం రాశారు, అదీ పక్కనే మద్రాసులో. జయంతి పేరుతో ప్రతి ఆగస్టు 12న ఆయన ఫోటోకి దండ వేస్తాం. ఆ సభలో ఉపన్యాసాలకి పట్టే టైములో ఒక బీరువాకి సరిగ్గా సబ్జెక్టులు రాయొచ్చు.

మనకి చేతకాదని మాత్రం అనకండి. అమరకోశం వల్లెవేసిన జాతి. ఒక్కో వస్తువుకి ఉన్న పేర్లన్నీ ఒక చోట చేర్చి, వర్గాలుగా విడదీసి, పిల్లల చేత కంఠస్థం పట్టించిన వాళ్ళం. అమరసింహుడు ఆవుని వైశ్యవర్గంలో కట్టేశాడు. అదేం పద్ధతని ఎవరైనా వాదించొచ్చు. కానీ ఆవు కావలసినవాడు వందల ఏళ్ళుగా నేరుగా అక్కడికే వెళ్తున్నాడు. మన గేదె మాత్రం భాషాశాస్త్రంలో మేస్తోంది.