సవరణ: 294409 ప్రధాన సంఖ్య కాదు

చెన్నైలో ఒలింపియాడ్‌కు చదివే మన పిల్లల కోసం పెట్టిన పోస్టులో, 2ను 294408వ ఘాతానికి పెంచి 294409తో భాగిస్తే శేషం 1 వస్తుంది కాబట్టి అది ప్రధాన సంఖ్య అని ఉంది. శేషం నిజమే, నిర్ధారణ తప్పు: ప్రధాన సంఖ్యకు ఆ శేషం 1 రావాల్సిందే గానీ, 1 వచ్చినంత మాత్రాన అది ప్రధాన సంఖ్య కానక్కర్లేదు. 294409 = 37 × 73 × 109. ఈ కారణాంకాల కంటే ఒకటి తక్కువైన 36, 72, 108 మూడూ 294408ను నిశ్శేషంగా భాగిస్తాయి. అందుకే 2 బదులు 37, 73, 109లలో దేనితోనూ భాగం కాని ఏ ఆధారం (ఘాతానికి పెంచే సంఖ్య) తీసుకున్నా శేషం 1 వస్తుంది, ఆధారం మార్చి చూసినా లాభం లేదు. ఇలాంటివి కార్మైకేల్ సంఖ్యలు; రామానుజన్ పేరెత్తితే గుర్తొచ్చే 1729 (7 × 13 × 19) కూడా ఈ కోవదే.

మరి ఎలా పట్టుకోవాలి? 2 మీది ఘాతాన్ని సగం చేస్తూ రండి. 147204 దగ్గర కూడా శేషం 1. 73602 దగ్గర 1 రాదు, 294408 కూడా రాదు. ప్రధాన సంఖ్యకైతే రెండింటిలో ఒకటి రావాలి. 73602 దగ్గర వచ్చిన శేషంలోంచి 1 తీసేసి 294409తో గ.సా.భా. (గరిష్ఠ సామాన్య భాజకం) కడితే 73 దొరుకుతుంది. చేత్తో చేసేవాళ్లకు ఇంత తిప్పలెందుకు, వరుసగా భాగిస్తూ పోతే పన్నెండో ప్రధాన సంఖ్య 37 దగ్గరే తేలిపోతుంది.